ఎండంతా అంజూరాలదే!

ఇలా రండి, దగ్గరికి జరగండి. ఇంకాస్త! పక్కింటి ఇవాసే సాన్‌వి, అదే ఇవాసే గారివి, పాముచెవులు. కంచెకి అవతలే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆవిడ విన్నా నష్టం లేదు కానీ, విన్నందుకు మర్యాదగా ఏదో ఒకటి తెచ్చి నా చేతిలో పెడుతుంది. నా భయమల్లా అదే!

నేను చెప్పేదేమిటంటే, ముసలితనంలో ఒక ఇల్లాలికి పట్టగల అదృష్టాల్లోకెల్లా గొప్పది, మొగుడు అంజూర మొక్కలు పోగెయ్యడం!

నవ్వకండి. మా ఆయన తొకుజో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంట్లో చెంచా ఎక్కడుంటుందో ఎరగడు. రిటైరయ్యాడో లేదో, ఒక కుండీ చంకలో పెట్టుకుని వచ్చాడు. అందులో నా చూపుడువేలంత పుల్ల. పుల్లకి ఒక ఆకు.

"ఏమోయ్, ఇది ఫ్రాన్సు జాతి!"

"పండెప్పుడు కాస్తుందయ్యా?"

"పండు కోసమా పెంచేది?" అని నన్ను జాలిగా చూశాడు.

నిజమే! పండు కావాలంటే బజారులో దొరకదూ? ఆ తరవాత ఇటలీ పుల్ల వచ్చింది. టర్కీ పుల్ల వచ్చింది. ఏ దేశపు పుల్లయినా నా కంటికి పుల్లే. కానీ ఆయన ముందు ఆ మాట అనకూడదు.

మా అత్తగారు బతికుండగా అంజూరాన్ని ఆవరణలోకి రానిచ్చేది కాదు, వంశం పెరగదని. పాపం, ఆవిడకేం తెలుసు! మా వంశం మాటేమో కానీ అంజూరాల వంశం మాత్రం గుమ్మం నుంచి కంచె దాకా పాకిపోయింది.

వీటివల్ల లాభాలు ఒకటా రెండా? ఎండ ఎటు జరిగితే అటు కుండీలు జరపడంలో నా నడుము బాగా సాగింది. తుఫాను వస్తే మొక్కలన్నిటికీ చాపలు పరిచిన గదిలో పక్క, నాకు వంటింటి గుమ్మంలో పక్క. చలికాలం నా దూది కోటు టర్కీ పుల్ల తొడుక్కుంటుంది. అది పరాయి దేశం నుంచి వచ్చింది కదా, నాకంటే దానికే చలి ఎక్కువట!

పైగా, పెళ్ళయిన నాటినుంచి "ఊఁ" తప్ప పలకని మనిషి ఒకరోజు పొద్దున్నే, "రాత్రి బాగా నిద్రపట్టిందా తల్లీ?" అన్నాడు. నేను పొంగిపోయి, "ఆఁ, పట్టిందయ్యా" అన్నాను.

నన్ను కాదట!

ఇంత వైభవంలో ఒక్కటే చిన్న చిక్కు. వానలు వెలిసి ఎండ ముదిరాక, జాడీలో ఉప్పేసి ఊరబెట్టిన ఉమే అనే పుల్లటి కాయల్ని వెదురు తట్టల్లో పరిచి ఎండబెట్టాలి. అది మా అత్తగారి జాడీ. యుద్ధం తరవాతి కరువులో కూడా ఆవిడ ఏ ఏడూ మానలేదు, నేనూ మానలేదు. ఎండ తగలకపోతే ఏడాది ఊరగాయంతా బూజే! మా ఇంటికి ఎండ తగిలేది దక్షిణపు వాకిట్లోనే. అక్కడ ఎవరు కాపురముంటున్నారో మళ్ళీ చెప్పాలా?

సరే, ఒక్క కుండీ అయినా తగ్గించుకుందామని ఇవాసే సాన్ ఇంటికి పట్టుకెళ్ళాను. "చాలా చిన్న వస్తువు, మీ ఇంట పెట్టడానికి తగినది కాదు" అని రెండు చేతులా అందించాను. మా దగ్గర ఇచ్చినదాన్ని కాదనే ఆచారం లేదు. పుచ్చుకుని ఊరుకోవడమూ లేదు!

"అయ్యో, ఎంత ముద్దుగా ఉందో! నాకోసం ఇంత శ్రమ ఎందుకు పడ్డారండీ!" అంది. మర్నాడే రెండు కుండీలతో మా గుమ్మంలో నిలబడింది. "మా తమ్ముడిచ్చాడు. నా చేతిలో ఏం బతుకుతాయి? మీ ఇంట్లో అయితే కళగా ఉంటాయి."

తమ్ముడి పేరు చెప్పి వదిలించుకుంది మహాతల్లి! అవి మా ఆయన దగ్గర లేని జాతులు. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆవిడకి ఇంకో మూడు అంట్లు కట్టి ఇచ్చాడు. ఆవిడ వాటిని ఎదురింటికి ఇచ్చింది. ఎదురింటివాళ్ళు ఊరుకుంటారా? ఇప్పుడు మా సందులో ప్రతి ఇంటి దక్షిణాన అంజూరాలే. ఒక్కరికీ అక్కర్లేదు. ఒక్కరూ వద్దనరు!

మొన్న కంచె దగ్గర ఎదురుపడ్డాం. నా చేతిలో ఉమే తట్ట, ఆవిడ చేతిలో ఉమే తట్ట.

"మీ మొక్కలు ఎంత ఏపుగా ఉన్నాయో!" అంది.

"మీవాటి ముందు మావెంత లెండి!" అన్నాను.

ఒకరికొకరు వంగి దణ్ణాలు పెట్టుకుని, తట్టలతో ఎవరి నీడలోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

చివరికి నాకో ఉపాయం తట్టింది. మా చిన్న కారు వీధిలో ఎండలోనే ఉంటుంది. దాని నెత్తిన ఇంకా ఎవరూ మొక్క పెట్టలేదు! సగం జాడీ తట్టల్లో పరిచి కారుమీద ఆరబెట్టి, బియ్యం కడగడానికి లోపలికెళ్ళాను. బుర్రుమని చప్పుడు. వీధిలోకి పరిగెత్తేసరికి కారు లేదు. నర్సరీకి ఏదో కొత్త జాతి వచ్చిందట!

తిరిగొచ్చిన మనిషి ముఖం వెలిగిపోతోంది. కారుమీద ఒక్క తట్టా లేదు.

"ఏమోయ్, ఈ ఊరికి అంజూరాలంటే ఎంత గౌరవమో! దారి పొడవునా జనం ఆగి నాకు దణ్ణాలు పెట్టారు. పోలీసాయన కూడా వంగాడు!"

"మరి నువ్వేం చేశావు?"

"నేనూ వంగాను. మర్యాద కదా!"

"ఎవరూ కారు పైకి వేలు చూపించలేదూ?"

"చూపించారు. వాన వచ్చేలా లేదంటున్నారనుకున్నాను."

ఒక్కరైనా, "ముసలాయనా, నీ నెత్తిన ఊరగాయ ఉంది!" అని అరిచారా? పరాయివాణ్ణి నడివీధిలో కేకేసి పిలవడం బాగుండదు, అందుకే వంగి ఊరుకున్నారు మరి! మా ఉమే కాయలు రైలు గేటు దాకా ముగ్గుచుక్కల్లా పడి ఉన్నాయి.

మరి నేనేమన్నానంటారా? "కొత్త మొక్క చాలా ముద్దుగా ఉంది" అన్నాను.

జాడీలో మిగతా సగం ఇంకా ఉంది. ఎండలూ ఇంకా ఉన్నాయి. అందుకని, ఇంతటి అదృష్టాన్ని నేనొక్కదాన్నే అనుభవించడం పాపమనిపిస్తోంది. మా గేటుకి గడియ లేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేవేళ రండి, మీ చేతులు పట్టినన్ని కుండీలు పట్టుకెళ్ళండి. బదులేమీ తేకండి. మరీ మనసొప్పకపోతే తినేదేదైనా తెండి కానీ, వేళ్ళున్నది మాత్రం వద్దు.

చూశారా, "వద్దు" అనేశాను! మీ చెవిలో చెబితే ఎంత తేలికో!

ఈ సంగతి గుర్తుపెట్టుకుని మీ వీధిలో అందరికీ చెప్పండి. వచ్చినవాళ్ళు కుండీ ఎత్తుకున్నాక అక్కడే నిలబడి నాకు వంగి వంగి దణ్ణాలు పెట్టొద్దని కూడా చెప్పండి. ఎండకి అడ్డం!