పిలిస్తే పలికే సర్వేయర్లు

ఆల్డర్ క్రీక్ నగర ప్రజలకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మన నగరానికి ఆన్‌కాల్ సర్వేయర్లు దొరికారు. ఆన్‌కాల్ అంటే పిలిచిన వెంటనే వచ్చేవాళ్ళు. ఎవరిని పిలవాలో తేల్చడానికి తొమ్మిది నెలలే పట్టింది. పక్క ఊరికి రెండేళ్ళు పట్టిందట గనుక మనం కాలరెగరేయవచ్చు.

ఈ మహత్కార్యానికి ఆద్యుడు పబ్లిక్ వర్క్స్ ఇంజనీరు ఏసుపాదం. నర్సాపురం మనిషి. వారంలో అయిదు రోజులు నగరానికి సేవ, ఆదివారం థర్డ్ స్ట్రీట్ మూలనున్న తెలుగు చర్చిలో డీకన్‌గా దేవుడికి సేవ. ఈ రెండు సేవల నడుమ ఒక నీళ్ళ గుంట ఉంది. వాన పడితే చర్చి గుమ్మం ముందు, రోడ్డు అంచున, నీళ్ళు నిలిచిపోతాయి. కిందటి ఏడాది మొదటి వానకే ధనమ్మగారు అక్కడ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. దగ్గర్లోనే ఉన్న డబ్లిన్ టౌన్‌లో కూతురింట్లో వారమంతా కిటికీలోంచి కార్లు లెక్కపెట్టుకుని, ఆదివారం ఒక్కరోజు నలుగురితో నోరారా మాట్లాడుకునేది. పడిన దగ్గర్నుంచి వాన ఆదివారాల్లో గడప దాటడం మానేసింది.

“వచ్చే ఏడాది క్రిస్మస్‌కి మీరు పొడి చెప్పులతో లోపలికి నడిచొస్తారు పిన్నిగారూ, నాదీ పూచీ” అని ఏసుపాదం సంఘమంతా వింటుండగా మాటిచ్చాడు. పాపం, ఆవిడ నమ్మింది.

మాట మీద నిలబడే మనిషి కాబట్టి వారం తిరక్కుండానే అక్కడో పసుపుపచ్చ బోర్డు పాతించాడు. ‘ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి, జాగ్రత్త’ అని. గాలికి ఊగకుండా దానికింద ఎడ్లబండి చక్రమంత సిమెంటు దిమ్మ. పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు. ఇక మిగిలింది అసలు పని. నీళ్ళు డ్రెయిన్‌లోకి ఎందుకు పోవడం లేదో తెలియాలంటే నలభై అడుగుల రోడ్డు కొలవాలి. కొలవడానికి సర్వేయర్ కావాలి. సర్వేయర్ కావాలంటే సర్వేయర్లను ఎంచుకోవాలి. అదిగో, అక్కడ మొదలైంది.

ఎనభై నాలుగు పేజీల ప్రకటన వెలువడింది. ముప్పై ఒక్క కంపెనీలు ఎగబడ్డాయి. చుట్టుపక్కల కొండలన్నిటినీ మూడు తరాలుగా కొలుస్తున్న ఒక ముసలి కంపెనీ, ఇరవై పేజీలు మించరాదన్న చోట అట్టతో కలిపి ఇరవై ఒకటి పంపి మొదటి రోజే ఇంటిదారి పట్టింది. ఎంపికకు అయిదుగురితో ప్యానెల్ వేశారు. లైబ్రరీ నుంచి ఒకరు, పార్కుల నుంచి ఇద్దరు, సిటీ వెబ్‌సైట్ చూసుకునే ఆవిడ, ఆ రోజు సెలవులో లేని మరొకరు. సర్వే తెలిసినవాళ్ళుంటే పక్షపాతం చూపిస్తారని పెట్టలేదు.

ఇంటర్వ్యూలో అందరికీ ఒకటే ప్రశ్న. “మీకూ ఒక కొండకూ అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఎలా పరిష్కరించుకున్నారు?” ముందు కొండ చెప్పేది ఓపిగ్గా వింటాము అన్న కంపెనీకి నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. కొండలు మాట్లాడవండీ అన్న నిర్భాగ్యుడికి పదకొండు.

చివరికి ముగ్గురు మిగిలారు. కౌన్సిల్ చప్పట్లు కొట్టి ఆమోదించింది. మేయర్‌గారు లేచి, “ఈ రోజు నుంచి మన నగరంలో కొలవబడని అడుగు ఉండదు. ఫోన్ తీయడమే మన వంతు!” అని ప్రసంగించారు. ఏసుపాదం కళ్ళు చెమర్చాయి.

ఇంటికొచ్చి చెబితే భార్య వసంతకుమారి కాఫీ అందిస్తూ అంది. “పిలిస్తే వస్తారన్నారుగా. పిలవండి మరి.”

“పిలవడానికి ఫామ్ ఇంకా అప్రూవ్ కాలేదు.”

“బాగుంది సంబడం” అని ఆవిడ టీవీ పెట్టుకుంది.

ఫామ్ వచ్చింది. మొదటి కంపెనీ డైరెక్టర్ మేనత్త థర్డ్ స్ట్రీట్‌లోనే కాపురముంటున్నందున వాళ్ళు న్యాయంగా తప్పుకున్నారు. రెండో కంపెనీవాళ్ళు మరో ఆరు నగరాలకు కూడా ఆన్‌కాల్. ఏ నగరం ఏ క్షణాన పిలుస్తుందోనని ఆఫీసు వదిలి కదలలేమన్నారు. మూడో కంపెనీ నలభై అడుగులంటే మరీ చిన్న పని, అరమైలుకు పెంచితే ఆలోచిస్తామంది. అరమైలుకు పెంచేందుకు మరో ఫామ్ వెళ్ళింది. ఇంతలో నవంబరు, దాంతోపాటే వానలూ వచ్చాయి. ఈసారి నీళ్ళు చీలమండ దాటి పిక్కల దాకా నిలిచాయి.

అలాంటి ఒక ఆదివారం ధనమ్మగారి భర్త రాఘవులు ఒంటరిగా ప్రార్థనకొచ్చాడు. పాలకొల్లులో నలభయ్యేళ్ళు తాపీమేస్త్రీగా చేసి, ఈమధ్యే విజిటర్ వీసా మీద భార్య దగ్గరికొచ్చిన మనిషి. చంకలో మేస్త్రీలు మట్టం చూసే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, అందులో నీళ్ళు. ఆరాధన అయ్యాక ఏసుపాదాన్ని రోడ్డు మీదికి లాక్కొచ్చాడు.

“ఈ కొస పట్టుకో బాబూ. నేను డ్రెయిన్ కాడికి పోతాను.”

“బాబాయ్‌గారూ, అలా కొలవకూడదు, లైసెన్స్ ఉండాలి…”

“నీళ్ళకేం లైసెన్సు, పట్టుకో!”

పట్టుకున్నాడు. పావుగంటలో తేలిపోయింది. ముసలాయన గొట్టం చుట్టుకుంటూ చెప్పాడు. “వాటం బాగానే ఉంది బాబూ, ఇంత వాటముంటే నీళ్ళు పరుగెత్తాలి. నిరుడు ఆకులు అడ్డం పడుంటాయి, చీపురుతో పోయేవి. ఇప్పుడు ఇదిగో, ఈ దిమ్మ. నీళ్ళదారికి అడ్డంగా పోసిన మహానుభావుడెవడో గాని! గునపముంటే ఇప్పుడే లేపేద్దాం.”

మహానుభావుడు తను పాతించిన బోర్డుకేసి చూశాడు. అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా నిజాయితీపరుడు కనుక సోమవారమే పైవాళ్ళకు ఉన్నదున్నట్టు రాశాడు. జవాబు మర్యాదగా వచ్చింది: గొట్టం ద్వారా లభించిన సమాచారం అనధికారికం, బోర్డు నగర ఆస్తి, దాన్ని కదపాలంటే అది ఎక్కడున్నదో సర్వే జరగాలి.

అరమైలు ఫామ్ ఆమోదమై మూడో కంపెనీ కదిలింది. ఇద్దరు మనుషులు, మూడు కాళ్ళ మీద ఒక యంత్రం. అరవై రెండు పేజీల నివేదిక ఇచ్చారు. నీళ్ళు నిలుస్తున్నమాట వాస్తవం. బోర్డు సరిగ్గా నీళ్ళు నిలిచేచోటే ఉండటం అభినందనీయం. అయితే లోతు పెరిగినందున మరింత ఎత్తయిన బోర్డు, మరింత వెడల్పయిన దిమ్మ అవసరం.

నగరం సంగతి సరే, మనవాళ్ళున్నారు కదా అని ఏసుపాదం విషయాన్ని చర్చి కమిటీలో పెట్టాడు. కమిటీ అంతా శాంటా క్లారాలో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేస్తున్న ఇంజనీర్లే. నగరాన్ని గంటసేపు తిట్టిపోశారు. గునపం కొన్నారు. తర్వాత అది ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది. గ్రీన్‌కార్డ్ రానివాళ్ళు పట్టుకుంటే రిస్కన్నాడు సైలస్. వచ్చినవాళ్ళు మాత్రం ఎందుకు చెడగొట్టుకోవాలన్నాడు లెవి. రాఘవులు నేను పడతానంటే, విజిటర్ వీసా మీదున్నవాళ్ళసలు పట్టుకోకూడదని అందరూ ఒక్కగొంతుతో అన్నారు. అర్హుణ్ణి ఎంపిక చేయడానికి అయిదుగురితో ప్యానెల్ వేశారు.

క్రిస్మస్ నాడు జోరువాన. ధనమ్మగారు కొత్త చీర కట్టుకుని, డబ్లిన్‌లో సోఫా మీద కూర్చుని, ఫోన్‌లో ఆరాధన విన్నది. ఆమెన్ అయ్యాక ఫోన్ ఏసుపాదానికి ఇమ్మని భర్తతో అంది.

“బాబూ, ఆ గొట్టం రెండో కొస నువ్వే పట్టుకున్నావంట గదా?”

“అవును పిన్నిగారూ.”

“నీళ్ళు నీకు కనపడ్డయ్యా?”

“కనపడ్డాయి.”

“మరి?”

“ప్రాసెస్‌లో ఉంది పిన్నిగారూ.”

“సర్లే నాయనా, దేవుడు నిన్ను చల్లగా చూడాలి” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఏసుపాదానికి ఆ పూట బిర్యానీ సహించలేదు.

గునపం ఇప్పటికీ చర్చి స్టోర్ రూమ్‌లో, తలుపు వెనకాలే ఉంది. తాళం వేయరు. పది నిమిషాల పని. ఇంతసేపూ వీళ్ళను చూసి నవ్విన తమరు ఈ ఆదివారం ఆ దారిన వెళ్తే తీసుకోవచ్చు. అర్హతల పత్రం మాత్రం ముందుగా పంపండి. అట్టతో కలిపి ఇరవై పేజీలు.