తొమ్మిదిన్నర తాళానికి అభినందన

బడి గేటుకు లోపల ఉన్నది క్రమశిక్షణ అయితే, గేటుకు బయట నిలబడ్డదాన్ని ఏ పేరుతో పిలవాలి? కామారెడ్డిలో చదువుకున్నవారు పలువురిని అడిగాను. ఒకరు నవ్వారు. మరొకరు టీ తెప్పించారు. జవాబు మాత్రం ఇప్పటివరకూ ఎవరూ చెప్పలేదు.

జవాబు వచ్చేలోగా నా అభిప్రాయం చెబుతాను. నాగరికతకు మూలం తాళం. నిప్పును, చక్రాన్ని పొగిడి, తాళం కనిపెట్టిన మహానుభావుణ్ణి విస్మరించిన చరిత్రకారుల మీద నాకు చాలాకాలంగా ఆగ్రహం ఉన్నది.

ఎల్లారెడ్డి వైపు ఒక ఉన్నత పాఠశాల ఉన్నది. నిన్నమొన్నటి దాకా దాన్ని పాఠశాల అనడానికి కొంత ధైర్యం కావలసి వచ్చేది. ఉపాధ్యాయులు సంతకం పెట్టి సొంత పనుల మీద వెళ్ళేవారు. పిల్లలు ప్రహరీ దూకి క్రికెట్‌కు వెళ్ళేవారు. క్రమం తప్పకుండా తరగతులకు హాజరైనవి మేకలు మాత్రమే.

అప్పుడు రాజశ్రీ మేడమ్ ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చారు. మేకలు బయటికి వెళ్ళాయి, ఉపాధ్యాయులు లోపలికి వచ్చారు. నల్లాలో నీళ్ళు వచ్చాయి. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం వచ్చింది. ఇవి మంచి పనులు. ఈ నాలుగు మాటల్లో వ్యంగ్యం వెతకకండి, లేదు.

ఆ తరువాత తాళం వచ్చింది. ఉదయం తొమ్మిదిన్నరకు వాచ్‌మన్ భూమయ్య గేటుకు తాళం వేస్తాడు. సాయంత్రం దాకా ఎవరు వచ్చినా తీయడు. ఫలితం అద్భుతం! ప్రార్థనకు ఆలస్యంగా వచ్చే విద్యార్థి ఒక్కరూ లేరు. ఎలా ఉంటారు? ఆలస్యమైనవారంతా రోడ్డు మీద ఉన్నారు.

ఈ పద్ధతిని జిల్లా మొత్తానికి విస్తరించాలని నా ప్రతిపాదన. ముహూర్తానికి రాని పెళ్ళికొడుకును ఫంక్షన్ హాలు బయటే ఉంచి తాళం వేయాలి. సమయానికి వచ్చినవాళ్ళలో ఒకరికి పెళ్ళి చేయవచ్చు. సభకు మూడు గంటలు ఆలస్యంగా వచ్చే నాయకుణ్ణి వేదిక ఎక్కనివ్వకూడదు. జూన్ మొదటి వారంలో రాని వానను ఆ సంవత్సరమంతా జిల్లాలోకి రానివ్వకూడదు. అప్పుడు తెలుస్తుంది మేఘాలకు!

ఇంతటి ఆదర్శ వ్యవస్థకు అడ్డుగా ఒకే ఒక్క మనిషి ఉన్నది. ఆమె పేరు రూత్. పదో తరగతి.

రూత్ వాళ్ళ పల్లెకు బస్సు లేదు, పోచన్న షేర్ ఆటో ఉన్నది. ఆ ఆటోకూ తనదైన క్రమశిక్షణ ఉన్నది: నిండనిదే కదలదు. నిండడమంటే మీరు అనుకునే నిండడం కాదు. పోచన్నకు ఇరువైపులా ఒక్కొక్కరు కూర్చుని, వెనక ఒకరి కాళ్ళు బయటికి వేలాడితేనే నిండినట్టు. పత్తి ఏరే ఈ రోజుల్లో ఊరి ఆడవాళ్ళంతా చేన్లకు పోతారు కనుక ఎల్లారెడ్డికి వచ్చేవారు తక్కువ. ఆటో నిండేసరికి తాళం పడుతుంది.

“ఆటో జల్ది తియ్యమని పోచన్నకు చెప్పరాదా పిల్లా?” అని భూమయ్య గేటు ఊచల్లోంచి అడిగాడు.

“చెప్పిన తాతా. ఇంకిద్దరు వస్తే పోదం, నువ్వేమన్న కలెక్టరువా అన్నడు.”

“కలెక్టరువైతే గేటు నేనే తీస్తుంటి బిడ్డా.”

హాజరు ఇంకా తగ్గితే రూత్‌ను పరీక్షకు కూర్చోనివ్వరు. కూలికి పోయే తల్లి సాలవ్వ ఈ లెక్కను ఇంకా సూటిగా చెప్పింది.

“గేటుకాడ నిలవడితే సదువు అస్తదా? నాతోని పత్తికి రా.”

“సోమవారం దాకా చూద్దమే అవ్వా.”

“సోమవారం గూడ తియ్యకుంటే ఇగ అడగకు మరి.”

నేను రాజశ్రీ మేడమ్‌ను కలిశాను. “ఒక్కరికి తెరిస్తే అందరికీ తెరవాలమ్మా,” అన్నారు. ఎంత దూరదృష్టి! అందరికీ తెరిస్తే ఏమవుతుందో ఊహించండి. బడి పిల్లలతో నిండిపోతుంది. అంతటి ప్రమాదాన్ని ఏ అధికారి కొనితెచ్చుకుంటారు?

మేడమ్ రోజూ కామారెడ్డి నుంచి కారులో వస్తారు. మొన్న గురువారం తాడ్వాయి దగ్గర రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. రెండూ వెనక్కి తగ్గడానికి ఇష్టపడలేదు. మేడమ్ బడి చేరేసరికి తాళం పడింది. గేటు ముందు రూత్ నిలబడి ఉన్నది.

“తాళం తియ్యి భూమయ్యా.”

“మీరే చెప్పిండ్రు గదా మేడం, ఎవ్వలొచ్చినా తియ్యొద్దని. ఇయాల తీస్తే రేపు నన్నే అడుగుతరు.”

మేడమ్ వాచీ చూసుకున్నారు. తరువాత, “నువ్వన్నది సరైనదే,” అన్నారు. ఆమె మాట మీద నిలబడే మనిషి. దాన్ని నేను కాదనను. అక్కడికక్కడే తనకు ఆ రోజుకు సెలవు రాసుకున్నారు.

“మీరు లోపలికి పోతే మీ ఎనక నేను సుత పోదుననుకున్న మేడం,” అన్నది రూత్.

“రేపు త్వరగా రా అమ్మా,” అని మేడమ్ కారెక్కారు.

ఎదుటి టీకొట్టు దగ్గర ఎవరో ఫోటో తీశారు. మధ్యాహ్నానికల్లా అది కామారెడ్డిలోని వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరింది. తన గేటు ముందు తానే నిలబడిన ప్రధానోపాధ్యాయురాలు! కింద, ‘నిబంధన ముందు అందరూ సమానమే’ అని రాసి ఉన్నది. ఎంత ఉన్నతమైన వాక్యం! నేనూ ఇద్దరికి పంపాను.

ఆ తరువాత కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోటోను పెద్దది చేసి చూశాను. కుడిపక్క అంచున సగం భుజం, బడిసంచి పట్టీ కనిపించాయి. ఫోటో పంపినవారెవరూ ఆ భుజం ఎవరిదని అడగలేదు.

ఇద్దరూ ఆలస్యంగా వచ్చారు. ఇద్దరూ ఒకే గేటు ముందు నిలబడ్డారు. ఒకరికి దక్కింది ఒకరోజు సెలవు, జిల్లా మెచ్చుకోలు. ఇంకొకరికి దక్కింది గైర్హాజరు. ఒకరు కారులో ఇల్లు చేరారు. ఇంకొకరు ఇల్లు చేరడానికి మళ్ళీ ఆటో నిండాలి. సమానత్వం అంటే ఇదేనని మనం ఫోన్లు నొక్కి మరీ ధ్రువపరిచాం. మేకలను వెళ్ళగొట్టి, ఉపాధ్యాయులను రప్పించి, నీళ్ళు తెప్పించిన మనిషికి ఒక పిల్లను లోపలికి తీసుకోవడం కష్టమా? కష్టం కాదు. అలా చేయమని ఆమెను, ఒక్కసారి నేను తప్ప, ఎవరూ అడగలేదు. అందరం మెచ్చుకుంటూ కూర్చున్నాం.

సోమవారానికి ఇంకా సమయం ఉన్నది. ఆ ఫోటోను ఏ గ్రూపులో పంపారో మీకు తెలుసు. అదే గ్రూపు తెరవండి. ‘పోచన్న ఆటో వచ్చేదాకా గేటు తీసి ఉంచండి’ అని రాయండి. చప్పట్ల బొమ్మ పెట్టకండి. మీ పేరు పెట్టండి.