ఒక్క ఇంజన్‌కు ముగ్గురు

ఆ శనివారం పొద్దున మునీంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, కారును సర్వీసుకు వదిలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దాటకముందే కారు రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి నిలబడిపోయింది. మెకానిక్ ఇంటికే వచ్చి చూసి, బానెట్ మూసి, కారును వెనక్కి బేస్‌మెంట్‌లోకి నెట్టించి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇంజన్ బోర్‌కొచ్చింది సార్, లోపలంతా అరిగిపోయింది. దీన్నే విప్పి కట్టాలంటే నెలలు పడుతుంది. రీకండిషన్ చేసిన ఇంజన్ ఎక్కడన్నా దొరికితే ఒక్కరోజులో మార్చేస్తా. కానీ ఈ పాత మోడల్‌కు దొరికేది కష్టం."

నెలల టైము మునీంద్రకు లేదు. నడవని బండ్లు వచ్చే వారం ఆదివారంలోగా బేస్‌మెంట్ ఖాళీ చేయాలని అసోసియేషన్ వాళ్లు అప్పటికే నోటీసు అంటించారు. పోతే పోయిందనుకోవడానికి అది ఏదో ఒక కారు కాదు. పెళ్లైన కొత్తలో నళిని పేరుమీద సెకండ్‌హ్యాండ్‌లో కొన్న లేత నీలం బండి. కూతురు రంజిత పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది అందులోనే. దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేయడమనే ఆలోచననే మునీంద్ర దగ్గరికి రానివ్వలేదు.

మునీంద్ర వాళ్ల ఇళ్లలో రెండు ఆచారాలున్నాయి. ఏది కొన్నా మనవాళ్ల ద్వారానే కొనాలి. కొన్నది చేతికి వచ్చేదాకా ఎవరితోనూ అనకూడదు, అంటే దిష్టి తగిలి పని చెడుతుంది. దేనికదిగా ఇవి మంచి ఆచారాలే. మునీంద్ర రెండింటినీ ఒకేసారి పాటించాడు.

ముందు హొసకోటెలో ఉన్న మేనమామ చంద్రశేఖర్‌కు ఫోన్ చేశాడు. తర్వాత కుందలహళ్ళిలో ఉద్యోగం చేసే బావమరిది పునీత్‌కు చేశాడు. ఇంజన్ వెతికిపెట్టమని ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు, ఒకరికి చెప్పినట్టు ఇంకొకరికి చెప్పలేదు.

"నాకని ఎవరితోనూ అనొద్దు. నళినికి అసలే తెలియకూడదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర నళిని అడగనే అడిగింది. "కారును ఏం చేద్దామండీ? ఆదివారం దగ్గర పడతా ఉండాది."

"ఏం చేసేది? వదిలేద్దాం. నాకూ బేజారైపోయింది దాంతో."

"నిజంగానా?" నళిని చేతిలో గరిటె ఆగిపోయింది.

"నిజంగానే అంటున్నా కదా!" అని కసురుకున్నాడు. దిష్టి తగలకుండా అంత గట్టిగా అబద్ధమాడినందుకు తనను తానే మెచ్చుకున్నాడు కూడా.

మంగళవారం మామ ఫోన్ చేశాడు. "ఒక ఇంజన్ ఉండాదప్పా మునీంద్రా. యాడ అని అడగొద్దు, చేతికొచ్చినాక చెప్తా. కానీ ఎవడో ఇంకొకడు దానిమీద కన్నేసినాడంట."

"వదలొద్దు మామా!"

కాసేపటికి పునీత్. "బావా, ఒక ఇంజన్ ట్రేస్ చేసినా. డీటెయిల్స్ ఇప్పుడొద్దులే, కన్‌ఫర్మ్ అయినాక చెప్తా. ఎవరో ముసలాయన అడ్డం పడతా ఉండాడు. మహా మొండోడంట."

"ముసలాయనైతే ఏంటి, నువ్వు తగ్గొద్దు!"

బెంగళూరంతా ఉన్నట్టుండి పాత ఇంజన్ల మీద పడిందేమిటని మునీంద్రకు చిరాకెత్తింది. మనవాళ్ల మీద నమ్మకం ఉంచాల్సిందే గానీ, ఆదివారం ఆగేది కాదు. బుధవారం మెకానిక్‌ను పట్టుకుని పీడిస్తే, హొసకోటెలో ఇంజన్లు కట్టే బాలయ్య నంబరు ఇచ్చాడు.

"ఒకటుండాది సార్," అన్నాడు బాలయ్య. "కానీ ఇప్పటికే ఇద్దరు దానికోసం కొట్లాడతా ఉండారు. ఒకరి మీద ఒకరు పెంచుతానే ఉండారు. ఇన్నేళ్లలో ఈ మోడల్‌ను అడిగినోడే లేడు. ఏం మాయో, ఇంత గిరాకీ యాడనుంచి వచ్చిందో!"

"ఆ ఇద్దరూ ఎంతన్నారో దానికి పైనే ఇస్తా. నాకే ఉంచు," అన్నాడు మునీంద్ర. అంతటితో ఆగక, అప్పటికప్పుడు ఫోన్‌లోనే పూర్తి డబ్బు పంపేశాడు. దొంగ బ్రోకర్లిద్దరికీ బాగా బుద్ధొచ్చిందనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

చచ్చిన కారును చూడలేక మునీంద్ర వారమంతా బేస్‌మెంట్‌లోకి దిగనే లేదు. శనివారం పొద్దున ఆఫీసు పనని నళినికి చెప్పి, క్యాబ్‌లో హొసకోటె చేరాడు. బాలయ్య షెడ్డు ముందు చంద్రశేఖర్, పునీత్ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఎప్పుడో మునీంద్ర పెళ్లిలో ఒక్కసారి చూసుకున్నవాళ్లు, ఒకరినొకరు గుర్తుపట్టలేదు.

"నా మనిషికి మాటిచ్చినా! ఇంజన్ లేకుండా ఇంటికి పోను!" అంటున్నాడు మామ.

"నేనూ మా బావకు మాటిచ్చినా అంకుల్!"

ఇద్దరూ మునీంద్రను చూసి ఒక్కసారిగా నోళ్లు మూశారు. ఎవరు ఎవరికోసం ఎవరితో కొట్లాడారో తేలేసరికి మామ అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాడు. తన డబ్బుతో తానే తన మీద వేలం పాడుకున్నట్టు మునీంద్రకు అర్థమైంది. ఏడుపొచ్చినంత పనైంది.

"పోనీలే," అన్నాడు చివరికి, పళ్లు నూరుతూ. "ఇంజన్ మనకే దక్కింది కదా. చూపించప్పా."

బాలయ్య ఉత్సాహంగా లోపలికి తీసుకెళ్లాడు. ఇంజన్ నిగనిగలాడుతోంది. దాని పక్కనే లేత నీలం రంగు డోర్లు రెండు గోడకు ఆనించి ఉన్నాయి. సీట్లు ఒక మూల గుట్టగా పడున్నాయి. ముక్కలుగా కోసిన బాడీని లారీకి ఎత్తుతున్నారు.

"మీ ముగ్గురి గిరాకీ చూసి, ఇదే మోడల్ చచ్చిన బండి ఒకటి వెతికించినా సార్. హెచ్‌ఎస్‌ఆర్‌లో దొరికింది, మొన్న గురువారమే తెచ్చినాం. దీని ఇంజన్ కూడా కట్టి పెడతా. ముందుముందు ఎంతమంది వస్తారో!"

వెనక అద్దం మీద రంజిత చిన్నప్పుడు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కర్ అలాగే ఉంది. మునీంద్ర నళినికి ఫోన్ చేసి, ఇంజన్ సంగతంతా చెప్పి, కారు ఏమైందని అడిగాడు.

"అవును, అమ్మేసినా," అంది నళిని. "మీకు కష్టంగా ఉంటుందని వారమంతా మీ దగ్గర కారు మాట ఎత్తలేదు. బండిని లాక్కెళ్తా ఉంటే నేను కిందకు కూడా దిగలేదు, చూడలేక. వదిలేద్దామని మీరే కదా అంటిరి! నాకు చెప్పుంటే, ఆ ఇంజన్‌ను నేనే మోసుకొచ్చుండేదాన్ని."

స్పీకర్‌లో ఆమె ఏడుపు షెడ్డంతా వినిపించింది. మునీంద్ర అద్దం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. మామ, పునీత్ ఎటో చూస్తున్నారు. బాలయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. ఫోన్ దగ్గరికి వంగి, చాలా మెత్తగా చెప్పాడు.

"ఏడవొద్దమ్మా. ఇంజన్‌కు ఆర్నెల్లు గ్యారంటీ ఉండాది."