ముప్పై ఆకుల లెక్క

ఒక పెద్ద అడవిలో నీళ్ళు తాగాలన్నా పేరు రాయించుకోవాలి. నవ్వకండి, అక్కడ మడుగుకో ఆఫీసు కూడా ఉంది.

ఆ ఆఫీసులో గుమస్తా కంటకయ్య అనే ముళ్ళపంది. తెల్లారగానే మడుగు గట్టున కూర్చుని, తన వీపు మీది ముల్లునే ఒకటి పీకి, ఆ రోజు నీళ్ళు తాగినవాళ్ళ పేర్లు మోదుగాకు మీద గీసేవాడు. రోజుకో ఆకు. తీగకి ఎప్పుడూ ముప్పై ఆకులే వేలాడాలి. కొత్తది గుచ్చగానే అన్నిటికన్నా పాతది తీసేయాలి. గడిచిన ముప్పై రోజుల్లో ఎంతమంది మడుగుకి వచ్చారో ఏ రోజుకారోజు తెలియాలని ఆ ఏర్పాటు.

కార్యదర్శి జంబుకరావు, నక్క. లెక్కలంటే ఒళ్ళుమంట. పెద్ద అంకె కనబడితే మాత్రం ప్రాణం లేచొస్తుంది.

ఎండలు ముదిరాయి. మడుగుకి నీళ్ళొచ్చే వాగు ఏనుగుల చేతిలో ఉంది. ఏనుగుల పెద్ద కుంభమ్మ కబురు పెట్టింది: "ముప్పై రోజుల్లో మీ దగ్గర ఎంతమంది తాగారో చెప్పండి. దాన్నిబట్టి నీళ్ళు వదులుతాం."

కంటకయ్య ఆకులన్నీ ముందేసుకుని రెండు పూటలు కూర్చున్నాడు.

"తొంభై రెండు మందండీ."

"తొంభై రెండా!" జంబుకరావు గయ్యిమన్నాడు. "పక్కడవి వాళ్ళు ఐదొందలు చెప్పారటయ్యా! అయినా దీనికి రెండు పూటలెందుకు? ఏ రోజు ఎంతమందో ఆకు అడుగున రాసే ఉందిగా, ముప్పై అంకెలూ కూడితే పోలా? రేపట్నుంచి కొత్తాకు అంకె కలుపు, పాతాకు అంకె తీసెయ్."

"అయ్యా, కుందేలు రోజూ వస్తుంది, ముప్పై ఆకుల్లోనూ ఉంది. కూడితే ఒక్క కుందేలు ముప్పై కుందేళ్ళయి కూర్చుంటుందండీ. పాతాకు తీసేసినా అది ఎక్కడికీ పోదు, నిన్నటాకులో ఉందిగా. అందుకే రోజూ అన్ని ఆకులూ మళ్ళీ చూడాలి. ఒకసారి లెక్కేసిన మొహాన్ని రెండోసారి లెక్కేయకూడదు."

"ముప్పైసార్లు తాగిందా లేదా?"

"తాగిందండీ."

"మరి ముప్పై అనడానికి నీకేం నొప్పి? సాయంత్రానికి కూడి తెస్తావా, బొరియ ఖాళీ చేస్తావా?"

ఉద్యోగంతోపాటే గట్టులో చల్లటి బొరియ ఇచ్చారు కంటకయ్యకి. అందులో పదిరోజుల కవలపిల్లలున్నారు. అది పోతే బండరాళ్ళ గుట్టే గతి. ఆ ఎండకి పసిగుడ్లు తట్టుకుంటాయా?

"మీ నిజాయితీ కప్పితే పిల్లలకి ఎండ తగలదా ఏం? కూడిపారేయండి!" అంది పెళ్ళాం.

కంటకయ్య సిగ్గుతో చచ్చిపోతూ కూడాడు. పద్దెనిమిది వందలు తేలింది.

సింహం రాజుగారు మీసం దువ్వారు. "మనవాళ్ళు ఇంతమందా! మరి నాకెప్పుడూ కనబడరేం?"

"తమరంటే భయం ప్రభూ, దాక్కుంటారు" అన్నాడు జంబుకరావు.

మూడోనాడు కుంభమ్మే స్వయంగా వచ్చింది. "పద్దెనిమిది వందలు ఖాయమేనా?"

"ఎంతమాట అమ్మగారూ! ఒక్కొక్క గొంతుకీ నాదే పూచీ!"

"సంతోషం. వాగు పూడిపోయింది. గొంతుకో తట్ట చొప్పున పద్దెనిమిది వందల తట్టల మట్టి ఎత్తాలి. మీరు ఎత్తుతున్నకొద్దీ నీళ్ళు వదులుతాం."

జంబుకరావు నసిగాడు. "అదీ... గుమస్తా ఏదో పొరపాటున..."

"దొంగలెక్కయితే ఈ ఏడు చుక్క వదలను. ఇప్పుడు చెప్పు."

"లెక్క... లెక్క సరైనదేనండీ."

కుంభమ్మ వెళ్ళగానే మడుగు దగ్గర గోల మొదలైంది. ఎవరి పేరు ఎన్ని ఆకుల్లో ఉంటే వాళ్ళకన్ని తట్టలన్నాడు జంబుకరావు. కుందేలు బావురుమంది. "నాకున్నది ఒక్క గొంతు కదయ్యా! ముప్పై తట్టలు మోస్తే నా నడుం నిలుస్తుందా?"

ఆ ఏడుపు చూసి కంటకయ్య దాని పక్కకొచ్చి నిలబడ్డాడు. అంకె తనదే, తన ముల్లుతో గీసిందే. గోల విని వచ్చిన సింహం అతనివైపు తిరిగి అడిగింది: "గుమస్తా, ఉన్నవాళ్ళు ఎంతమంది?"

జంబుకరావు కళ్ళతోనే బొరియవైపు చూపించాడు. కంటకయ్యకి పిల్లలు గుర్తొచ్చారు. అయినా నోరు తెరిచాడు.

"తొంభై రెండు, ప్రభూ. భయపడి తప్పు రాశాను. తలకో తట్ట మేం మోస్తాం."

"మరి మిగిలిన పదిహేడు వందల ఎనిమిది?"

"ఆ గొంతులు నేనెప్పుడూ చూడలేదు ప్రభూ. వాటికి పూచీపడింది కార్యదర్శిగారు."

సింహం జంబుకరావు వైపు చూసింది. పళ్ళు కనబడేలా చూసింది. ఇంకో మాట అవసరం లేకపోయింది.

అందరి తట్టలూ ఒక్క పూటలో అయిపోయాయి. జంబుకరావు తట్టలు మాత్రం తొలకరి దాకా సాగాయి. పాపం, తోక కూడా మట్టిరంగుకి తిరిగింది. ఎవరైనా పలకరిస్తే "ఇంకెన్ని మిగిలాయో కాస్త సరిగ్గా లెక్కపెట్టి చెప్పవయ్యా" అనేవాడు. వాగు మాత్రం అంత లోతుగా మునుపెన్నడూ తవ్వలేదు. మడుగు నిండింది, కవలపిల్లలు బొరియ గుమ్మంలో నీళ్ళతో ఆడుకున్నారు.

నీతి: దొంగలెక్క కూడా మంచిదే, రాయించినవాడే మోస్తే.