అప్పలసామి హాజరు

ఆ శనివారానికి జయకుమార్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే కూతురు కోగిలను తీసుకుని మధులిక గారింటికి వెళ్ళడం, ఆవిడ నడిపే కంఠస్థం బడి ఓ గంట చూడటం, పదింటికల్లా తిరిగొచ్చి మోటార్‌బైకుల షెడ్డు తెరుచుకోవడం. మలేసియాలోని బాగన్ దాతుక్‌లో శనివారమంటే కొబ్బరితోటల వాళ్ళంతా బళ్ళు రిపేరుకి తోలుకొచ్చే రోజు.

"సూసి రావడం కాదు, తేల్సి రావాల," అంది భార్య విజయరాణి, క్లినిక్ డ్యూటీకి బయల్దేరుతూ. "ఒక్క సీటే ఉందంట. మద్దేనంలోగా సెప్పకపోతే ఇంకొకలికి ఇచ్చేత్తారు. ఐదేళ్ళొచ్చినాయి గుంటకి, నాలుగు ముక్కలు నోటికి రావు. ఏటి సెప్పినా ఎందుకు, ఎందుకు అంటాది. మన తరవాత దీనికి తెలుగు ఉంటదా, ఉండదా? అది సూడు లాహ్!"

ఆ మాట జయకుమార్‌కి గట్టిగానే తగిలింది. కోగిలకు తెలుగు అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే సగం తమిళమే. ఏం చేస్తే మంచిదో తేల్చుకోలేక తల గోక్కుంటూ కారు తీశాడు. అప్పటికే వాళ్ళమ్మ దాలమ్మ, డెబ్భై మూడేళ్ళ మనిషి, ఉతికిన చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. రమ్మని ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

మధులిక రాజమండ్రి నుంచి వచ్చి మూడేళ్ళయింది. భర్త లోపలి గదిలో కంప్యూటరు ముందు ఉద్యోగం చేసుకుంటాడు. ముందు గదిలో ఆవిడ ఎనిమిది మంది పిల్లలకు బడి నడుపుతుంది. అక్కడ పుస్తకాలు తక్కువ, నోళ్ళు ఎక్కువ. పెద్దవాళ్ళు ఒక ముక్క చెబితే, పిల్లలు చప్పట్లు కొడుతూ దాన్ని మూడుసార్లు అనాలి. మొదలుపెట్టాక మూడుసార్లూ అయ్యేదాకా పిడుగు పడినా ఆగకూడదు. ఆ బడికి ఉన్నది అదొక్కటే నియమం.

ముందుపళ్ళు రెండూ ఊడిన ముగిలన్ అనే ఆరేళ్ళవాడు లేచి, ప్రభవ, విభవ అని అందుకుని, అరవై తెలుగు సంవత్సరాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశాడు. ఆ ఊపులోనే ఇరవయ్యో ఎక్కం, ఆ తర్వాత గ్రహాలు. జయకుమార్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. తన ఫోన్ నంబరే తనకు గుర్తుండదు, ఎవరైనా అడిగితే షెడ్డు బోర్డు చూసి చెబుతాడు. "అబ్బబ్బ, ఏం బుర్రలురా దేవుడా!" అనుకున్నాడు. నిజంగానే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

కోగిల వెళ్ళి ముగిలన్ చొక్కా పట్టుకు లాగింది. "అరవై అయిపోతే తరవాత ఏటి వస్తది?"

"మళ్ళీ ప్రభవ."

"ఎందుకు?"

ముగిలన్ ఇంతవరకు బట్టీ పట్టినవాటిలో దానికి జవాబు లేదు. జయకుమార్ సిగ్గుపడి కూతుర్ని పక్కకు లాక్కున్నాడు.

"మా దగ్గర అమ్మానాన్నలే వంతులవారీగా పాఠం చెప్పాలండీ. ఇవాళ మీరు చెప్పండి," అంటూ మధులిక అతని చేతిలో ఒక కాగితం పెట్టింది. "ఇరవై లైన్లు, చదివితే చాలు. పదకొండింటికి అచ్చిబాబుగారు వస్తారు, పిల్లలు ఆయనకి అప్పజెప్పాలి. నేను వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చేస్తాను." తాళాలు తీసుకుని వెళ్ళనే వెళ్ళిపోయింది.

అచ్చిబాబు రిటైరైన హెడ్మాస్టరు. నలభై ఏళ్ళుగా ఎక్కడ మైకు కనబడితే అక్కడ తాగుడు మానమని ఉపన్యాసమిస్తాడు. ప్రతి ఉపన్యాసమూ "మా నాయన సుక్క ముట్టి ఎరగడు" అనే మొదలవుతుంది.

జయకుమార్ కాగితం వైపు చూశాడు. అంతా తెలుగు. అతనికి తెలుగు నోట్లో ఉంది గానీ కంట్లో లేదు. బడిలో నేర్చింది మలయ్, తమిళం. ఈ అక్షరాలు అతనికి పళ్ళెంలో మురుకుల్లా కనిపించాయి. "నాకు చదవడం రాదండీ" అని ఒక్క మాట అనుంటే అక్కడితో పోయేది. కానీ తెలుగు దేశం నుంచి వచ్చిన మనిషి దగ్గర, నేను తెలుగోణ్ణని చెప్పుకున్న నోటితో ఆ మాట ఎలా అంటాడు?

"ఏట్రా, అలాగైపోనావు?" అంది దాలమ్మ.

"ఇది సదవడం నాకు రాదే అమ్మా," అన్నాడు గుసగుసగా.

"ఓస్, మా అయ్యకీ రాదు. కాయితం అట్టుకుని నిలబడి పెదాలాడించు. నాను ఎనకనించి సెప్తాను."

"నీకూ సదువు రాదు కదే!"

"సదువెందుకు? నాకొకటి వచ్చు." ఆవిడ కొడుకు వీపు వెనక చేరి గొంతు సవరించుకుంది. "ఎర్రన్న, ఉన్నాడు! పైడమ్మ, ఉంది! సూరయ్య, జొరం, రాలేదు! అప్పలసామి, కల్లు మత్తు, రాలేదు!"

అది పాఠం కాదు, పెరట్టు. ఒకప్పుడు ఎస్టేటులో తెల్లారకముందే కూలీలను వరసలో నిలబెట్టి పిలిచే హాజరు. దాలమ్మ తండ్రి అక్కడ కంగాణి, కూలీలకు మేస్త్రి. ఆయనకు అక్షరమ్ముక్క రాదు, ఆ సంగతి దొరకు తెలిస్తే పని ఊడుతుంది. అందుకని ఏడేళ్ళ కూతురి చేత పేర్లన్నీ బట్టీ పట్టించి వెనక నిలబెట్టుకుని, తాను పుస్తకం తెరిచి పెదాలాడించేవాడు. మొదటిరోజు పిలిచిన పెరట్టు దాలమ్మకు ముక్క పోకుండా ఇప్పటికీ గుర్తుంది. పిల్లలు ఒక్కో పేరూ మూడేసిసార్లు అంటున్న సందులో ఆవిడ ఈ కథంతా కొడుకు చెవిలో వేసింది. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి జయకుమార్ ఈ సంగతి ఎరగడు. వెనక్కి తిరిగి తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

అరగంటలో ఎనిమిది మందికీ ఇరవై పేర్లూ వచ్చేశాయి. కోగిలకు మాత్రం రాలేదు. మామ్మ కొంగు పట్టుకుని మూలకు తీసుకుపోయి చెవిలో ఏదో గుచ్చి గుచ్చి అడుగుతోంది. విజయరాణికి ఏం చెప్పాలిరా భగవంతుడా అని జయకుమార్ దిగులుపడ్డాడు.

ఇంతలో మధులిక రానే వచ్చింది. అచ్చిబాబు కుర్చీలో కూర్చుని, "ఏదీ, వినిపించండి," అన్నాడు. పిల్లలు చప్పట్లతో అందుకున్నారు. ఇరవై నదుల పేర్లు వస్తాయని చూస్తున్న మధులికకు ఎర్రన్న, పైడమ్మ వచ్చేసరికి ముఖం పాలిపోయింది. "అప్పలసామి, కల్లు మత్తు, రాలేదు!" అనగానే అచ్చిబాబు చివాల్న లేచాడు.

"ఎవలు సెప్పినారిది? మా ఎస్టేటు పెరట్టిది, అప్పలసామి మా నాయన!"

"ఆపండి పిల్లలూ!" అంది మధులిక. ఎవరూ ఆపలేదు. ఆపకూడదని నేర్పిందే ఆవిడ. పెద్దాయన లేచి నిలబడింది మెచ్చుకోవడానికే అనుకుని ముగిలన్ చప్పట్లు ఇంకా జోరు చేశాడు. రెండోసారీ కల్లు మత్తే. మూడోసారీ కల్లు మత్తే. ఆ కేకకు వీధిలో పోయే మోటార్‌బైకులు రెండు ఆగాయి.

"తప్పు నాదండి," అన్నాడు జయకుమార్, చెమట తుడుచుకుంటూ. "నాకు తెలుగు సదవడం రాదు. సెప్పడానికి సిగ్గేసి, మా అమ్మ సేత సెప్పించినాను."

కోగిల నడుచుకుంటూ వెళ్ళి అచ్చిబాబు ముందు నిలబడింది.

"తాతా, అప్పలసామి తాగలేదు. నాను మామ్మని అడిగినాను, ఎందుకు తాగినాడు అని."

అందరూ దాలమ్మ వైపు తిరిగారు. "అవును బాబూ," అందావిడ. "ఆయాల ఆయన పెళ్ళానికి నొప్పులు. పెళ్ళానికి నొప్పులంటే దొర సెలవియ్యడు. తాగి పడున్నాడంటే నవ్వి వొగ్గేత్తాడు. నువ్వే సెప్పు కంగాణీ అని మా అయ్యని బతిమాలుకుని, ఆయన ఇంటికాడ ఉండిపోనాడు. వినాయక సవితికి ముందు రోజది."

అచ్చిబాబు కుర్చీలో కూలబడ్డాడు. "నాను పుట్టింది... ఆయాలే."

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మళ్ళీ పిలవండర్రా," అన్నాడు. పిల్లలు మళ్ళీ ఎర్రన్న దగ్గర మొదలుపెట్టారు. అప్పలసామి అనగానే ఆయన లేచి చేతులు కట్టుకుని, "ఉన్నాడు," అన్నాడు. జయకుమార్ వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. అరవయ్యారేళ్ళ కిందటి పెరట్టు ఎనిమిదిమంది పిల్లల నోట నిలబడింది, అందులో తప్పుపడ్డ ఒక్క మాటను తన ఐదేళ్ళ కూతురు సరిచేసింది. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక అందరికీ కలిపి పెట్టేశాడు.

"కోగిలకు ఇరవైలో ఒక్క పేరే వచ్చిందండీ," అంది మధులిక మెల్లగా. "కానీ మా పిల్లలెవరూ ఆ ప్రశ్న అడగలేదు. అడగాలని నాకే తోచలేదు."

"ఈ బడి మా గుంటకి సరిపోదండి," అన్నాడు జయకుమార్. ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని అతను అనుకోలేదు. "ఇలాగ అడుగుతూ ఉంటే సాలు, తెలుగు దానికే వస్తది. సెప్పడానికి మా అమ్మ ఉంది."

మధ్యాహ్నం విజయరాణి ఫోన్ చేసింది. "ఏటి, ఆ సీటు ఒదిలేసినావా?"

"లేదు, తీసుకున్నాను," అన్నాడు జయకుమార్.

సోమవారం నుంచి అతను పొద్దున్నే షెడ్డు తెరిచేముందు ఒక గంట మధులిక బడిలో పిల్లల పక్కన చాపమీద కూర్చుంటున్నాడు. రెండు వారాలైనా అక్షరాల్లో 'ఆ' దాటలేదని ముగిలన్ మాస్టారు జయకుమార్ వాళ్ళమ్మను పిలిపించమన్నాడు.