జావ ఆపేసిన కోడలు

ఆ శనివారం ఉదయం కోడలు పెట్టుకున్న పని చాలా చిన్నది. రక్తనిధుల్లో రక్తపు సంచులకు లేబుళ్ళు ముద్రించే ప్రోగ్రాం ఒకటి ఆమె, దూరాన ఉన్న ఓ స్నేహితుడు కలిసి తీరిక వేళల్లో ఉచితంగా నడుపుతున్నారు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. రాసిన ప్రోగ్రాంను కూర్చిపెట్టే బిల్డ్ టూల్ పాతబడింది. కొత్త వెర్షన్ పెట్టేసి, స్నానం చేసి, హాయిగా పడుకుందామనుకుంది.

కొత్త టూల్ పెట్టగానే దానికి తోడుండే ప్లగిన్ మొరాయించింది. ప్లగిన్‌ మారిస్తే, అది పాత జావా మీద నడవనంది. జావా అంటే ఆ ప్రోగ్రాం రాసిన భాష; వాడేవాళ్ళ కంప్యూటర్లలోనూ అది ఉండాలి. కోడలికి ఒళ్ళు మండింది. పాత టూల్‌నూ పాత ప్లగిన్‌నూ తుడిచేసి, కొత్త జావా పెట్టి, స్నేహితుడికి ఫోన్ చేసింది.

"పాతదాన్ని ఇంకెన్నాళ్ళు మోస్తాం? ఇవాళ్టి నుంచి ఆ జావా బంద్. ఆస్పత్రివాళ్ళు అడిగితే, దానికి వయసైపోయింది, మావల్ల కాదని చెప్పేద్దాం."

పక్క గదిలో అత్తగారి చేతిలో చెంచా ఆగిపోయింది. కడుపులో పుండు మానేదాకా రెండు పూటలా జావే తాగమని ఆవిడకు డాక్టర్ చెప్పాడు. గిన్నె పక్కన పెట్టి కూతురికి ఫోన్ చేశారు.

"మీ వదిన నాకు జావ ఆపేస్తోందే. ఆస్పత్రివాళ్ళకి చెప్పాల్సిన జవాబు కూడా సిద్ధం చేసుకుంది."

కోడలు కొత్త ప్రోగ్రాంను విడుదల చేసి తువ్వాలు భుజాన వేసుకుంటుండగా ఫోన్ మోగింది. రక్తనిధి టెక్నీషియన్.

"అమ్మా, మీ ప్రోగ్రాం ఇందాక దానంతటదే మారిపోయింది. లేబుల్ ఒక్కటీ రావట్లేదు. మా కంప్యూటర్లలో ఉన్నది పాత జావా. లోపల ఆపరేషన్ బల్ల మీద మనిషున్నాడు."

"చేత్తో రాయలేరా?"

"రాస్తున్నాం. తొందరలో గ్రూపు తప్పు పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు."

కోడలు తువ్వాలు పడేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. మళ్ళీ పాత పద్ధతిలోనే కూర్చుదామంటే, తుడిచేసిన ప్లగిన్ దొరికే సైటు మూతపడి చాలా కాలమైంది. స్నేహితుడికి మళ్ళీ ఫోన్ కలిపేసరికి ఆడపడుచు చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చింది.

"మా అమ్మ నీకు బరువైందా వదినా? నేను తీసుకెళ్తాను. పువ్వుల్లో పెట్టి చూసుకుంటాను."

"కాస్త ఆగు. ఇక్కడ ప్రాణం మీదికొచ్చింది."

"అమ్మ ప్రాణమే కదా."

ఫోన్‌లో స్నేహితుడు నెమ్మదిగా అంటున్నాడు. "టూల్‌ని కొత్త జావా మీదే నడవనీ. కూర్చేటప్పుడు మాత్రం పాతదానికి సరిపడేలా కూర్చమని చెప్పు. రెండూ ఒకటే కానక్కర్లేదు."

"అంటే పాతవాళ్ళకి జావా ఆపక్కర్లేదన్నమాట."

"ఇప్పుడు దారికొచ్చావు," అంది ఆడపడుచు.

కోడలు ఒక్క వాక్యం మార్చి మీట నొక్కింది. తెరమీద గీత నత్తలా పాకుతోంది. లోపలి గదిలోంచి అత్తగారు పెట్టె సర్దుతున్న చప్పుడు. గీత చివరిదాకా వెళ్ళింది. ప్రోగ్రాం విడుదలైంది. ఫోన్ మాత్రం మోగలేదు. కోడలు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

చివరికి మోగింది. "వచ్చేసిందమ్మా. సంచులు లోపలికి పంపించాం. ఆయన బాగానే ఉన్నాడట."

కోడలు నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఏ జావా ఏదో విడమరిచి చెప్పింది. అత్తగారు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు.

"అయితే నన్నేమీ అనలేదన్నమాట."

"లేదత్తయ్యా."

"సరేలే. పెట్టె సర్దేశాను కదా, ఎలాగూ వెళ్ళొస్తాను. పువ్వుల్లో పెట్టి చూసుకుంటానంది."

ఆడపడుచు ముఖం పాలిపోయింది.

వారం తిరక్కుండానే ఆమె ఫోన్ చేసింది, గొంతు బాగా తగ్గించి. "వదినా, అమ్మ మా వంటగదంతా తిరగేసి సర్దింది. మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుందో మా ఆయనకి ఇంతవరకూ దొరకలేదు. మళ్ళీ పాత ఏర్పాటుకి వెళ్ళిపోలేమా?"

వెళ్ళవచ్చుననీ, కాకపోతే అంతకుముందు కొత్త ఏర్పాటును ఓ నెలైనా పరీక్షించి చూడాల్సి ఉంటుందనీ కోడలు ఎంతో ఓర్పుగా వివరించింది.