అమానుష ద్వారం ముందు యేసురత్నం

గౌతమీ వైనతేయ జలధారాపరిష్వంగ పులకిత నారికేళవనమధ్యంబున, అంబాజీపేట పురంబున, పందొమ్మిదివందల ఎనభై ఆరవ యేట, మండువేసవి మధ్యాహ్నంబున, కరెంటు పోయిన ఘోరసమయంబున, రాహేలమ్మగారి పెంకుటింటి వసారాలో మహాసంగ్రామమొకటి రగిలెను!

మద్రాసు హాస్టలు నుండి సెలవులకొచ్చిన పొరుగింటి బాపిరాజు ఒక వింత ఆట తెచ్చెను. ఆటగాడొక పాత్ర ధరించి తానేమి చేయునో పలుకును. పాచికలు ఫలితము తేల్చును. కథ నడుపువాడు బాపిరాజే. రాహేలమ్మ మనవరాలు కృపావతి గంధర్వకన్య; ఆమె అన్న యేసురత్నం మాత్రం ఖడ్గధారియైన వట్టి మనిషి. చివరి కోటద్వారము దాటినవారిదే, ఘృతశర్కరాగర్భితమై, శరన్మేఘశకలసదృశమై పళ్లెమున పవ్వళించిన కట్టకడపటి పూతరేకు! ఎవరూ దాటకున్న అది బాపిరాజుదే!

ఆ ద్వారమో, అమానుషులను వెనక్కి విసరికొట్టును. గంధర్వకన్య అప్పటికే వెనక్కెగిరి దుమ్మున పడెను. అంతట యేసురత్నం, పూతరేకుపై చూపు చెదరనీక, సింహనాదము చేసెను.

"నేను మనిషినిరా! తలుపు తియ్!"

"మనిషివా?" బాపిరాజు గర్జించెను. "ఒళ్ళంతా బల్లేలు దిగినా లేచి నిలబడ్డావు, అగ్నిసర్పం నోట్లోంచి నడిచొచ్చేవు! మా బాబాయిగారు తేలు కుడితేనే వారం మంచం దిగలేదు. నువ్వు మనిషివేంట్రా!"

"అదంతా నీ పాచికలు చేసిందే కదరా!"

పూతరేకు దూరమగుచుండెను. అంతలో చింతపండు గింజ తీయుచున్న రాహేలమ్మ తలెత్తెను.

"ఏంటర్రా ఆ గోల? ఆ కథలో మావోడు అన్నం తింటాడా?"

"పూటకూళ్ళింట్లో గంజి తాగేడు నాయనమ్మా," అని కృపావతి పకపక నవ్వెను. "ఉత్తుత్తి గంజికి కూడా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేడు! మేం పడీ పడీ నవ్వేం."

"ఇంకేం మరి! దయ్యాలూ గంధర్వులూ కూటికి తల వంచుతారేంటి? ఆకలి తెలిసినోడే వంచుతాడు. మావోడు మనిషే. తలుపు తియ్యి బాబూ."

ఎన్నిమార్లో ఆ ఇంట ప్రార్థన ముగియువరకు ముద్ద ముట్టక కూర్చున్న బాపిరాజు పాచికలు పక్కన పెట్టెను.

"ఆయ్, నాయనమ్మగారూ," అని గొణిగెను. ద్వారము తెరచుకొనెను!

విజేత పళ్లెమందుకొని, అలవాటుగా కనులు మూసెను. బాపిరాజు వేళ్ళు సర్పములవలె పాకెను. యేసురత్నం ఒక కన్ను తెరచి, అరచేత పళ్లెము కప్పి, ప్రార్థన కొనసాగించి, "ఆమెన్!" అని ఒక్క పెట్టున పూతరేకు నోట కుక్కుకొనెను.

దిక్కులారా, వినుడు! మనుష్యజాతి గెలిచినది! దాని మూతికంతా చక్కెర!